నోమ్ పాత్రను గీయడం: క్యారెక్టర్ షీట్ నుంచి రంగుల దాకా

నోమ్ అంటే ఆటల్లో, కథల్లో కనిపించే పొట్టి మాయాజీవి. ఆ బొమ్మ దెబ్బతినేది ఎక్కువగా ఒకే చోట. గడ్డం పెట్టి, చేతికి సుత్తి ఇచ్చి, అంతా కుదిరిందనుకుంటే, చూసినవాళ్లు "ఈ పిల్లోనికి గడ్డమేంది?" అంటారు. కారణం రూల్‌బుక్ లెక్కలోనే ఉంది. పాచికలు వేస్తూ ఒక్కొక్కరు ఒక పాత్రగా ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట 2014 రూల్స్ ప్రకారం నోమ్ ఎత్తు కట్టాలంటే నాలుగు ముఖాల పాచికలు రెండు వేసి, వచ్చిన మొత్తాన్ని 35 అంగుళాలకు కలపాలి. అంటే 37 నుంచి 43 అంగుళాలు, సుమారు 94 నుంచి 109 సెం.మీ. అదే మొత్తాన్ని 35 పౌన్లకు కలిపితే బరువు వస్తుంది: 17 నుంచి 19.5 కిలోలు. ఇవి అంగన్‌వాడీకి పోయే పిల్లల కొలతలు. ఆ కొలతల్లో 350 ఏళ్లు, ఒక్కోసారి 500కు దగ్గరగా బతికే మనిషిని చూపించాలి. కింద చెప్పే పద్ధతి అంతా ఈ ఒక్క చిక్కు విప్పడానికే.

కర్నూలు, అనంతపురం, కడప వైపు ఈ ఆటలాడే బృందాలు, వాళ్లకు పాత్రలు గీసిపెట్టే పిల్లలు ఇంటర్నెట్‌లో దొరికిన బొమ్మలు చూసి అలాగే దింపుతుంటారు. రిఫరెన్స్ మన చుట్టూ బోలెడు ఉంది. అదెక్కడ దొరుకుతుందో, ఎలా వాడుకోవాలో కూడా చెబుతాం.

ముందు షీట్ చదవండి

ఆటగాడు తన పాత్ర వివరాలు రాసుకునే కాగితమే క్యారెక్టర్ షీట్. పెన్సిల్ పట్టేముందు ఆట ఏదో, నోమ్ ఏ రకమో అందులో చూసి తెలుసుకోవాలి. ఒక ఆట నోమ్ ఇంకో ఆటలో ఇమడదు.

డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో మూడు రకాలు తరచుగా ఎదురవుతాయి. రాక్ నోమ్ గోధుమ రంగు మొహం, పెద్ద ముక్కు, అన్ని దిక్కులకూ లేచిన లేత రంగు జుట్టు ఉన్న పనిమంతుడు. గడ్డం మాత్రం శ్రద్ధగా కత్తిరించి, మొనలుగానో రెండు పాయలుగానో తీర్చుకుంటాడు. ఫారెస్ట్ నోమ్ అడవిలో దాక్కుని బతుకుతాడు, చిన్న జంతువులతో మాట్లాడతాడు, కనికట్టు చేస్తాడు. డీప్ నోమ్ నేల అడుగున ఉండేవాడు, రాతి రంగు ఒళ్లు, మగవాళ్లకు బోడి తల.

పాత్‌ఫైండర్ అనే మరో ఆటలో నోమ్ వేరు. వాళ్లు ఫస్ట్ వరల్డ్ అనే మాయాలోకం నుంచి వచ్చినవాళ్లు. జుట్టు, కళ్లు కొట్టొచ్చే రంగుల్లో ఉంటాయి. కొత్త అనుభవాలు లేకపోతే ఆ రంగు క్రమంగా వెలిసిపోతుంది, దానితోపాటు ప్రాణమూ పోతుంది. కాబట్టి పాత్‌ఫైండర్ నోమ్‌కు జుట్టు రంగే ఆరోగ్యం. పాత్ర ఉత్సాహంగా ఉందో, విసిగి ఉందో ఆటగాడిని అడిగి రంగు నిర్ణయించాలి. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే కంప్యూటర్ ఆట నోమ్ మరీ కార్టూన్: భారీ తల, పెద్ద కళ్లు, గులాబీ రంగు, ఆకుపచ్చ రంగు జుట్టు. ఈ మూడింటినీ కలిపితే ఏదీ కాని బొమ్మ వస్తుంది.

రిఫరెన్స్ ఏ కాలానిదో కూడా గమనించండి. నోమ్‌ను భూమిలో తిరిగే జీవిగా రాసినవాడు పారసెల్సస్ అనే 16వ శతాబ్దపు స్విస్ వైద్యుడు. ఆ రచన ఆయన పోయాక 1566లో అచ్చయింది. గనులు, మణులు అనే వాసన నోమ్‌కు అక్కణ్నుంచే పట్టింది. మొనదేలిన ఎర్ర టోపీ 19వ శతాబ్దపు జర్మన్ తోట బొమ్మల నుంచి వచ్చింది. ఆటగాళ్లు నోమ్‌ను తమ పాత్రగా తీసుకునే వీలు డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1978 రూల్‌బుక్‌తో వచ్చింది. కాబట్టి ఆటగాడు అడిగితే తప్ప టోపీ పెట్టొద్దు. ఆ టోపీ పెట్టిన మరుక్షణం పాత్ర పోయి తోట బొమ్మ మిగులుతుంది.

షీట్‌లో ఇంకా చూడాల్సినవి వయసు, క్లాస్ (పాత్ర యోధుడా, మాంత్రికుడా లాంటిది), బలం. 2014 రూల్స్‌లో నోమ్ లాంటి స్మాల్ సైజు పాత్ర హెవీ రకం ఆయుధం వాడితే దెబ్బకు డిసడ్వాంటేజ్ పడుతుంది, అంటే దెబ్బ తగిలే అవకాశం తగ్గుతుంది. 2024 రూల్స్ దాన్ని మార్చి, బలమో చురుకుదనమో 13కు తగ్గితేనే ఇబ్బంది అన్నాయి. అంటే పాత రూల్స్‌తో ఆడే బృందానికి పెద్ద రెండు చేతుల గొడ్డలి పట్టిన నోమ్‌ను గీస్తే, ఆటగాడు ఎప్పుడూ వాడని ఆయుధాన్ని గీసినట్టు.

ఎ4 మీద కొలతలు

మొదటి బొమ్మ ఒంటరిగా వేయొద్దు. పక్కన ఒక మామూలు మనిషి గీతబొమ్మ ఉండాలి, తర్వాత చెరిపేయొచ్చు.

ఎ4 కాగితం నిలువుగా పెట్టి, 2హెచ్ పెన్సిల్‌తో అడుగున నేల గీత గీయండి. దాని మీద 22.5 సెం.మీ. ఎత్తు మనిషి. తలకు 3 సెం.మీ., మొత్తం ఏడున్నర తలలు, ఇది పెద్దవాళ్ల కొలత. ఈ మనిషిని 5 అడుగుల 8 అంగుళాలు అనుకుంటే, కాగితం మీద 1 సెం.మీ. అసలులో దాదాపు 7.7 సెం.మీ.

పక్కనే 13.5 సెం.మీ. ఎత్తున నోమ్‌కు గీత పెట్టండి. ఇది అసలులో 41 అంగుళాల లోపు, రూల్‌బుక్ హద్దులోనే ఉంటుంది. దీన్ని నాలుగున్నర తలలుగా విభజిస్తే ఒక్కో తల మళ్లీ 3 సెం.మీ. వస్తుంది, సరిగ్గా పక్కనున్న మనిషి తలంత! ఈ పద్ధతికి ఆయువుపట్టు ఇదే. తల పెద్దవాళ్లది, ఒళ్లు పొట్టిది. తలను ఆరో వంతుకు తగ్గించారంటే బొమ్మ దూరంగా నిలబడ్డ మనిషిలా కనిపిస్తుంది. ఐదు తలలకు పోతే పిల్లాడి వైపు జారుతుంది, ఎందుకంటే నాలుగేళ్ల పిల్లల ఒళ్లు దాదాపు ఐదు తలలే.

మిగతా గుర్తులు నేల నుంచి కొలవండి. మోకాలు 2.7 సెం.మీ. దగ్గర. కాళ్లు విడిపోయే చోటు 5.3 దగ్గర. భుజాలు 10.1 దగ్గర. మెడ దాదాపు కనిపించదు. భుజాల వెడల్పు 4 నుంచి 4.5 సెం.మీ. ఇది 6 దాటితే డ్వార్ఫ్ (ఆటలో ఉండే మరో పొట్టి, బలిష్ఠమైన జాతి) అయిపోతుంది. అరచేయి, వేళ్లు కలిపి 2 సెం.మీ., అంటే మనిషి చేతికన్నా కొద్దిగానే చిన్నది. బూటు 2.5 సెం.మీ.

కాళ్లు పొడుగు చేయాలనిపిస్తుంది, ముఖ్యంగా పోరాడే భంగిమలో. చేయొద్దు. పొట్టి కాళ్లతో వేగం చూపించాలంటే అడుగు దూరం పెంచకుండా నడుమును ముందుకు వంచి, ఒక పాదం నేల నుంచి పూర్తిగా లేపండి. 2014 రూల్స్‌లో నోమ్ వేగం 25 అడుగులే, మనిషికి 30. 2024లో ఇద్దరికీ 30 చేశారు. కొత్త రూల్స్ నోమ్ అంతే దూరానికి ఎక్కువ అడుగులు వేయాలి కాబట్టి పరుగు బొమ్మలో దుమ్ము మచ్చలు దగ్గరదగ్గరగా పడాలి.

ఇలాంటి ఒళ్లు అలవాటు కావాలంటే గుళ్లకు పోయి చూడండి. అధిష్ఠానాల (గుడి అడుగు దిమ్మెల) మీద, స్తంభాల పైన దూలం బరువు మోస్తున్నట్టు చెక్కే పొట్టి భూతగణాలు పెద్ద తల, లావు కాళ్లూ చేతులతో ఉన్న పెద్దవాళ్లే. ఎవరూ వాటిని పిల్లలనుకోరు. శిల్పి ఏం చేశాడో గమనించండి: పొట్ట కింద మడత, మోచేతి దగ్గర ఎముక, బరువుకు బిగిసిన దవడ. పూజ జరిగే చోట అడిగి కూర్చోవాలి, ఫ్లాష్ వేయకూడదు.

మొహం, చేతులు

వయసు పలికేది ఇక్కడే. సగం సమయం ఇక్కడ పెట్టండి.

పిల్లల మొహంలో కళ్లు తల మధ్య గీతకన్నా కింద ఉంటాయి, నుదురు పెద్దది, చుబుకం చిన్నది. నోమ్‌కు ఇది తలకిందులు కావాలి. 3 సెం.మీ. తలలో కళ్ల గీత పైనుంచి 1.5 దగ్గరే ఉండాలి, 1.6కు కూడా దించొద్దు. ముక్కు అడుగు 2.3 దగ్గర. కన్ను వెడల్పు తల వెడల్పులో ఐదో వంతు. కార్టూన్ పద్ధతి కావాలంటే నాలుగో వంతు, అంతకు మించొద్దు. కనుపాప చుట్టూ తెల్లగుడ్డు రెండు పక్కలా కనిపించాలి. పై రెప్ప మడత ఒక గీత, కింద సంచి ఒక గీత, కంటి కొసన నవ్వు ముడతలు రెండు మూడు. ఇవి లేకుండా ఎంత గడ్డం పెట్టినా వేషం వేసిన పిల్లాడే.

ముక్కును ముద్దలా అంటించకండి. కనుబొమ్మల మధ్య నుంచి ఎముక మొదలై, మధ్యలో చిన్న గుబ్బ తిరిగి, కొన దగ్గర వెడల్పవ్వాలి. ముక్కు నీడ పై పెదవి మీద పడేలా వెలుగు పైనుంచి ఇస్తే ముక్కు పెద్దదని చెప్పక్కర్లేదు.

ఆడ నోమ్ దగ్గర చాలామంది జారిపోతారు. అందంగా ఉండాలని ముక్కు చిన్నది చేసి, ముడతలు తీసేసి, కళ్లు పెంచుతారు. మిగిలేది బొమ్మల దుకాణంలో పాప. ఆమెకూ అదే ముక్కు, అదే కంటి ముడతలు ఉండాలి. బుగ్గ ఎముక కింద కొద్దిగా లోతు ఇవ్వండి. పనిచేసే చేతులు ఇవ్వండి.

చేతులు: వేళ్ల కణుపులు స్పష్టంగా, గోళ్లు అడ్డంగా వెడల్పుగా, బొటనవేలు బలంగా. పిల్లల వేళ్లు కొసకు సన్నబడతాయి, కణుపుల దగ్గర గుంటలు పడతాయి. నోమ్ వేళ్లు కొసదాకా ఒకే మందం, కణుపులు ఉబ్బి ఉంటాయి. చేతులు కనిపించేలా ఏదో ఒక పని ఇవ్వండి. జేబులో చేతులు పెట్టించడం గీసేవాడికి సుఖం, బొమ్మకు నష్టం.

డ్వార్ఫ్, హాఫ్లింగ్‌తో తికమక

2014 లెక్కలో డ్వార్ఫ్ 4 నుంచి 5 అడుగులు, 150 పౌన్లు. హాఫ్లింగ్ అనే ఇంకో పొట్టి జాతి 3 అడుగులు, 40 పౌన్లు, అంటే బరువులో నోమ్‌తో సమానం. డ్వార్ఫ్‌తో తేడా వెడల్పు చూసుకుంటుంది. హాఫ్లింగ్‌తో తేడా మొహమే చూపించాలి: హాఫ్లింగ్ నిష్పత్తి కుదించిన మనిషిది, ఆరు తలలు, చిన్న ముక్కు, నెమ్మదైన నిలబడే తీరు. నోమ్ ఎప్పుడూ దేన్నో చూస్తూ, ముట్టుకుంటూ, తల ముందుకు చాచి ఉంటాడు.

బొమ్మ పూర్తిగా నల్లగా నింపి చూడండి. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మల్లో నవ్వించే జుట్టుపోలిగాణ్ని అంచు చూసే గుర్తుపడతాం. అలాగే నల్ల మచ్చగా ఉన్నప్పుడూ ముక్కు, జుట్టు, పెద్ద చేతులు బయటికి పొడుచుకొచ్చి నోమ్ అని తెలియాలి. ముందువైపు భంగిమలో ముక్కు మచ్చలో కలిసిపోతుంది, కాబట్టి మొహం కాస్త పక్కకు తిప్పిన ముప్పావు కోణం మేలు.

పనిముట్లు, యంత్రాలు

రాక్ నోమ్ చేసే చిన్న యంత్రానికి 2014 రూల్స్‌లో ఒక గంట సమయం, 10 బంగారు నాణేల విలువైన సామాను పడుతుంది. ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలకుండా కాచే అంకె) 5, హిట్ పాయింట్ (దెబ్బ తట్టుకునే లెక్క) ఒక్కటే, 24 గంటలు పనిచేస్తుంది. నడిచే బొమ్మ, నిప్పు రాజేసే పెట్టె, పాట పెట్టె, అంతవరకే. వీపు మీద ఆవిరి ఇంజన్ మోస్తున్న నోమ్ డ్రాగన్‌లాన్స్ అనే కథా ప్రపంచపు టింకర్ నోమ్‌లకో, వార్‌క్రాఫ్ట్‌కో సరిపోతుంది. మామూలు రాక్ నోమ్‌కు అరచేతిలో పట్టే వస్తువే ఇవ్వండి.

గేర్లు అలంకారంగా చల్లితే యంత్రం తెలిసినవాళ్లు వెంటనే పట్టేస్తారు. రెండు గేర్లు కలవాలంటే పళ్ల పరిమాణం ఒకటే ఉండాలి. 12 పళ్ల గేరు వ్యాసార్ధం 1 సెం.మీ. అయితే 36 పళ్లది 3 సెం.మీ. కావాలి. పక్కపక్కనున్నవి ఎదురెదురు దిక్కుల్లో తిరుగుతాయి. మూడు గేర్లు ముక్కోణంగా ఒకదానికొకటి తగిలితే ఏదీ కదలదు. అభిమానుల బొమ్మల్లో ఈ తప్పు అడుగడుగునా కనిపిస్తుంది. యంత్రంలో శక్తి ఎక్కణ్నుంచి వస్తుందో కూడా ఒకచోట చూపించాలి: తాళంచెవి, చుట్టిన స్ప్రింగ్, చివర కదిలే భాగం. ఈ మూడూ వరసగా ఉంటే మధ్యలో ఏం దాచినా కన్ను నమ్ముతుంది.

చూసి గీయడానికి అనంతపురం వైపు ఏ ఊళ్లోనైనా బోరు మోటార్ వైండింగ్ షాపు ఉంటుంది. విప్పిన స్టేటర్ (మోటార్‌లో తిరగని భాగం), స్లాట్లలోకి దూర్చిన రాగి తీగ చుట్లు, ఇన్సులేషన్ పేపర్ ముక్కలు, వార్నిష్ మరకలు, పని బల్ల మీద ఒక క్రమంలో పడేసిన పట్టకార్లు. వాచీ రిపేరు చేసేవాళ్లు కంటికి పెట్టుకునే లెన్స్ ఒక్కటి చాలు, అందరూ పెట్టే ఆ పాత మోటార్ సైకిల్ కళ్లజోడు నోమ్ నుదుటి మీదినుంచి దిగిపోతుంది.

మణులు గీసేటప్పుడు జాగ్రత్త. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు పొలాల్లో జనం వెతికే వజ్రం నగల దుకాణంలో దానిలా మెరవదు. సానపట్టని వజ్రం తరచుగా ఎనిమిది ముఖాల ఆకారంలో, నూనె రాసినట్టు మసక మెరుపుతో ఉంటుంది. గనిలో ఉన్న నోమ్ చేతిలో నక్షత్రాల్లా మిణికే రాయి పెడితే తప్పు. సాన బల్ల ముందు కూర్చున్నప్పుడే ఆ మెరుపు.

బట్టలు

చెయ్యి దాదాపు పెద్దవాళ్లదే కాబట్టి చేతితో వాడేవన్నీ చెయ్యి కొలతకే ఉండాలి. గుండీ చిన్నది కాదు, సంఖ్య తగ్గుతుంది: చొక్కాకు ఏడు బదులు మూడు నాలుగు. జేబు మూతి 2.3 సెం.మీ. కన్నా తగ్గితే చెయ్యి దూరదు. గుడ్డ మందం మారదు కాబట్టి మడతలు తక్కువ, లావు. మనిషి చొక్కాలో ఉన్నన్ని సన్న మడతలు వేస్తే బట్ట కాగితంలా కనిపిస్తుంది.

అంచులకు, నమూనాలకు లేపాక్షి పైకప్పు చిత్రాలు చూడండి. 16వ శతాబ్దంలో, అచ్యుతదేవరాయల కాలంలో వేసినవి. అందులోని మనుషులు కట్టుకున్న గుడ్డల మీద గళ్లు, పూలు, చారలు ఎన్ని రకాలో. నోమ్ నడుము చుట్టూ అలాంటి పూలు ఐదారే పట్టాలి. చిన్నవి చేసి ఇరవై ఇరికిస్తే కొలత మోసం బయటపడుతుంది.

ఎక్కడ నిలబెట్టాలి

నోమ్ ఎంత పొట్టో చెప్పేది చుట్టూ ఉన్న వస్తువులు. మన కొలత ప్రకారం నోమ్ మోకాలు అసలులో 21 సెం.మీ. ఎత్తున ఉంటుంది. మామూలు మెట్టు 17 సెం.మీ., అంటే దాదాపు మోకాలి దాకా. నులక మంచం 45 సెం.మీ. అయితే అతని తొడల పైకి వస్తుంది, ఎక్కి కూర్చోవాల్సిందే. 75 సెం.మీ. బల్ల భుజాల దగ్గరికి వస్తుంది. మెట్టు, మంచం, బల్ల, వీటిలో ఒక్కటైనా బొమ్మలో ఉంటే కొలత చదవడం సులువు.

క్షితిజ రేఖ మరచిపోవద్దు. బృందం బొమ్మలో దాన్ని మనిషి కళ్ల ఎత్తున, నేల నుంచి 21 సెం.మీ. దగ్గర పెడితే నోమ్ తల పూర్తిగా ఆ గీత కింద ఉంటుంది. నోమ్ ఒక్కడే నాయకుడైతే గీతను అతని కళ్ల దగ్గరికి, 12 సెం.మీ.కి దించండి. అప్పుడు అతను హుందాగా కనిపిస్తాడు, కానీ పొట్టి అనే సంగతి పోతుంది. అందుకే ఆ బొమ్మలో మెట్టో మంచమో తప్పనిసరి.

స్థలాలకు కొదవ లేదు. రాక్ నోమ్‌కు బేతంచెర్ల, కొలిమిగుండ్ల వైపు నాపరాయి గనులు: పొరలు పొరలుగా లేచే బండ, నలుపు, బూడిద, పసుపు ఛాయలు. ఫారెస్ట్ నోమ్‌కు కడప జిల్లా లంకమల ముళ్లపొదలు. 1986లో మళ్లీ కనిపించిన కలివికోడి అక్కడి పక్షి, పొడవు 27 సెం.మీ., ఛాతీ మీద రెండు పట్టీలు, రాత్రి తిరుగుతుంది. ఫారెస్ట్ నోమ్ పక్కన కోతో ఉడుతో వేసే బదులు దాన్ని వేయండి. డీప్ నోమ్‌కు 3,229 మీటర్ల బెలూం గుహలు. అక్కడ ఫోటో తీసి రంగు దింపితే మాత్రం మోసపోతారు, టూరిస్టు లైట్లు రాయి రంగునే మార్చేస్తాయి. ఆకారాలు గుహలో తీసుకోండి, రంగు ఎండలో పెట్టిన సున్నపురాయి ముక్క నుంచి తీసుకోండి.

రంగులు

రాక్ నోమ్ చర్మానికి యెల్లో ఓకర్ రెండు పాళ్లు, బర్న్ట్ సియెనా ఒక పాలు. నీడకు అందులోనే అల్ట్రామెరీన్ నీలం చుక్క, నలుపు వద్దు. ముక్కు కొన, చెవులు, వేళ్ల కణుపుల మీద కొద్దిగా ఎరుపు. క్రిటా అనే సాఫ్ట్‌వేర్‌లో గీసేవాళ్లు 2480×3508 పిక్సెళ్ల కాన్వాస్ తీసుకుంటే ఎ4కు 300 డిపిఐ వస్తుంది. నీడలు వేరే లేయర్‌లో మల్టిప్లై మోడ్‌తో పెట్టండి.

చీకట్లో నోమ్‌కు డార్క్‌విజన్ ఉంటుంది, 60 అడుగులు, డీప్ నోమ్‌కు 120. కానీ పూర్తి చీకట్లో రంగులు తెలియవు, బూడిద ఛాయలే కనిపిస్తాయి. అందువల్ల దీపం లేని నోమ్ గదిలో ఎర్ర సీసా, నీలం సీసా అని గుర్తులు ఉండవు. సీసా మెడకు కట్టిన ముడుల సంఖ్య, మూత ఆకారం, గోడ మీద చెక్కిన గీతలు, ఇవే గుర్తులు. ఈ ఒక్క ఆలోచన గది మొత్తాన్ని నోమ్ ఇల్లుగా మారుస్తుంది.

అంతా అయ్యాక బొమ్మను, ఆన్‌లైన్ ఆటలో పాత్రకు గుర్తుగా వాడే 70 పిక్సెళ్ల టోకెన్‌గా కుదించి చూడండి. కళ్లు, ముక్కు విడివిడిగా తెలియకపోతే మొహం మీద వెలుగు నీడల తేడా పెంచాలి, గీతలు పెంచితే మురికవుతుంది.

టేబుల్ మీదికి మినియేచర్ కావాలంటే

28 మి.మీ. స్కేలులో మనిషి కళ్ల దాకా 28, నోమ్ కళ్ల దాకా 16 మి.మీ. ఆటలో స్మాల్ పాత్ర కూడా మనిషిలాగే 5 అడుగుల గడి తీసుకుంటుంది, కాబట్టి బేస్ (బొమ్మ నిలబడే బిళ్ల) 25 మి.మీ. కన్నా తగ్గించొద్దు. బొమ్మ చేయడానికి ఎం-సీల్ పుట్టీ రెండు ముద్దలు సమానంగా తీసుకుని రంగు ఒకటయ్యేదాకా పిసకండి. సరిగా కలవకపోతే మధ్యలో మెత్తగా ఉండిపోతుంది. కర్నూలు ఎండాకాలంలో చలికాలం కన్నా తొందరగా బిగుస్తుంది, కాబట్టి మొహానికి సరిపడా మాత్రమే కలపండి, వేళ్లకు నీళ్ల తడి ఉంచండి. అక్రిలిక్ రంగు కూడా ప్లేటు మీదే ఎండిపోతుంది. డబ్బాలో తడి స్పాంజి, దాని మీద బటర్ పేపర్ పరిచి రంగు అక్కడ కలపండి.

బేస్ మీద చల్లడానికి నాపరాయి పొడి బాగుంటుంది, కానీ టీ వడపోసే జల్లెడతో పట్టండి. ఈ స్కేలులో 1 మి.మీ. అంటే దాదాపు 6 సెం.మీ. 3 మి.మీ. రవ్వ పడిందంటే అది దాదాపు నోమ్ మోకాలంత ఎత్తు బండ.